పది వారాల కుక్కపిల్ల, పదకొండేళ్ల అబ్బాయి, ఎజిలిటీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇర్వింగ్ (టెక్సాస్, అమెరికా) నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. మేము కూకట్‌పల్లి నుంచి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. పోయిన శనివారం షెల్టర్ నుంచి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఆడది, పది వారాలు. ఆస్ట్రేలియన్ షెపర్డ్ కలిసిన జాతి అని కాగితంలో రాసిచ్చారు. పేరు బుజ్జి. (మా నాలుగేళ్ల పాపని కూడా ఇంట్లో బుజ్జీ అనే పిలుస్తాం, అది వేరే గొడవ.)

మా బాబుకి పదకొండేళ్లు. కుక్కలు కర్రల మీంచి దూకుతూ, సొరంగాల్లో దూరుతూ పరిగెత్తే ఎజిలిటీ పోటీలు టీవీలో చూశాడు. మన బుజ్జికి కూడా నేర్పిస్తానని ఒకటే పట్టు. దూకే కర్రల సెట్టు, టన్నెల్ ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టేశాడు కూడా. నాకేమో కుక్కను పెంచిన అనుభవమే లేదు. మా ఊళ్లో కుక్క అంటే వీధిలో ఉండేది, మిగిలిన అన్నం పెడితే తిని వెళ్లిపోయేది. ఇక్కడ క్లాసులు, సర్టిఫికెట్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించొద్దని ఒకరు అంటున్నారు, ఇప్పుడే బయట తిప్పమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? దూకడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? తెలుగులో నేర్పిస్తే తప్పా? పైగా వచ్చే నెల మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. అత్తయ్యగారికి కుక్కంటే చచ్చేంత భయం.

ప్లేనో నుంచి జవాబు:

ముందు ఆ కర్రల సెట్టు కార్ట్‌లోంచి తీసేయండి. టన్నెల్ మాత్రం ఉండనివ్వండి, పనికొస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తప్పు నేనే చేశాను. మా కుక్కకి ఆరో నెలలోనే వెనక పెరట్లో మోకాలెత్తు కర్ర కట్టి దూకించాను. దూకుతుంటే ముచ్చటేసి వీడియోలు తీసి ఊరికి పంపేదాన్ని. రెండు వారాలకు ముందు కాలు ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. ఎదిగే కుక్కకు ఎముకల చివర్లో ఇంకా గట్టిపడని మెత్తటి భాగం ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. అది మూసుకునేదాకా పదే పదే దూకిస్తే కీళ్లు దెబ్బతినొచ్చు. చిన్న జాతులకు ముందుగా, పెద్ద జాతులకు ఏడాది దాటాక, కొన్నింటికి ఏడాదిన్నరకు మూసుకుంటుంది. మా వాడు అదృష్టం కొద్దీ ఆరు వారాల విశ్రాంతితో బయటపడ్డాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు ఎజిలిటీ పోటీలకు 15 నెలలు నిండని కుక్కను రానివ్వరు. మీ బుజ్జిది మిశ్రమ జాతి అని దిగులు పడకండి. కెనైన్ పార్ట్‌నర్స్ అనే విభాగం కింద పేరు నమోదు చేయించుకుంటే అదే పోటీల్లో దిగొచ్చు.

ఇక టీకాల సంగతి. మీకు సలహా చెప్పిన ఇద్దరిదీ సగం సగం నిజమే. పార్వో అనే వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. అందుకని డాగ్ పార్కు, మీ కాంప్లెక్స్‌లో కుక్కలన్నీ వచ్చి వెళ్లే ఆ గడ్డి మూల, ఈ రెండూ టీకాల వరస పూర్తయ్యేదాకా వద్దు. ఆ వరస 16 వారాల వయసు దాకా సాగుతుంది. టెక్సాస్‌లో రేబిస్ టీకా కూడా 16 వారాల లోపు వేయించాలి, అది చట్టం. కానీ అప్పటిదాకా ఇంట్లోనే కూర్చోబెడితే ఇంకో నష్టం. కుక్కపిల్ల కొత్త మనుషుల్ని, చప్పుళ్లని భయం లేకుండా ఒప్పుకునే కాలం మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకానే. మీ చేతిలో ఉన్నది నాలుగు వారాలు.

అందుకే నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. స్కూల్ దగ్గర పిల్లల్ని తెచ్చుకునే వేళ, చెత్త లారీ వచ్చే వేళ, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో బండ్లు గడగడలాడే చోటు. టోపీ పెట్టుకున్న మగవాళ్లు, చేతికర్ర పట్టుకున్న పెద్దవాళ్లు, గొడుగు, చీర కట్టుకున్న ఆడవాళ్లు, అన్నీ చూడాలి. భయపడితే ముందుకు తోయకండి, దూరం జరిగి తిండి పెట్టండి. ఇక క్లాస్ అంటారా, మొదటి టీకా పడి ఏడు రోజులైతే, నులిపురుగుల మందు ఒకసారి వేసి ఉంటే, కుక్కపిల్లల క్లాసులో చేర్చొచ్చని ఇక్కడి పశువైద్యుల ప్రవర్తన శాస్త్ర సంఘం చెప్తోంది. టీకా కాగితం చూసి, నేల కడిగి నడిపే చోటే చేర్చండి.

ఆ కెన్నెల్ క్లబ్ వాళ్లదే, కుక్కపిల్లల కోసం ఆరు వారాల ‘స్టార్ పపీ’ కోర్సు ఉంది, దానితో మొదలుపెట్టండి. పెద్దయ్యాక ‘కెనైన్ గుడ్ సిటిజన్’ అనే పది అంశాల పరీక్ష ఉంటుంది. కొత్తవాళ్లు వచ్చి నిమిరితే కుదురుగా కూర్చోవడం, గుంపులో నడవడం, పిలిస్తే రావడం, మీరు మూడు నిమిషాలు కనబడకపోయినా ఆగం కాకపోవడం లాంటివి. ఎజిలిటీ కన్నా ముందు ఇది కావాలి. పోటీ రింగులో పట్టీ తీసేస్తారు కదా, పిలిస్తే రాని కుక్కతో ఏం చేస్తాం?

ట్రైనర్ విషయంలో జాగ్రత్త. ఈ దేశంలో కుక్కల ట్రైనర్ కావడానికి లైసెన్సు అక్కర్లేదు, బోర్డు పెట్టుకుంటే చాలు. పరీక్ష రాసి తెచ్చుకునే సీపీడీటీ లాంటి గుర్తింపు ఉందేమో అడగండి. దానికన్నా ముఖ్యం, కుక్కను తీసుకెళ్లకుండా ఒక క్లాస్ కూర్చుని చూడండి. మెడకు ముళ్ల గొలుసో కరెంటు పట్టీయో కనబడితే లేచి వచ్చేయండి.

భాష గురించి అడిగారు. తెలుగులో నేర్పించొచ్చు, కుక్కకి ఏ భాషైనా ఒకటే. కానీ ‘రా’ అనే మాట మాత్రం వాడకండి. నవ్వుతారేమో గానీ ఇది మా ఇంట్లో రెండేళ్లు తిన్న దెబ్బ. మన ఇళ్లలో రోజుకి ఎన్నిసార్లు ‘రా’ అంటామో లెక్కపెట్టండి: ఏంట్రా, తినరా, ఆగరా, పోరా. ‘పోరా’లో కూడా రా ఉంది. కుక్క ఆ చప్పుడు పొద్దస్తమానం వింటుంది, దానివల్ల తనకేమీ జరగదు, కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. మేము చివరికి ‘హియర్’కి మారాం. ‘కూర్చో’, ‘పడుకో’, ‘వదిలేయ్’ బాగానే పనిచేస్తాయి. అయితే ఇంట్లో అందరూ ఒకటే మాట అనాలి. ఒకరు ‘కూర్చో’, ఒకరు ‘సిట్’, ఇంకొకరు ‘కూర్చోవే తల్లీ’ అంటే దానికి మూడు కొత్త మాటలు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి.

పేరు కూడా మార్చండి, ఇంకా వారమే అయింది. పాపని పిలిచినప్పుడల్లా కుక్క పరిగెత్తుకొస్తుంది, కుక్కను తిట్టినప్పుడల్లా పాప ఏడుస్తుంది.

కూర్చోవడం ఇలా నేర్పండి. తిండి ముక్క ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీంచి వెనక్కి తీసుకెళ్లండి. తల పైకి లేస్తే వెనక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. దిగిన క్షణంలో ‘ఎస్’ అని, ముక్క ఇవ్వండి. మాట మొదట్లో వద్దు, పని వచ్చాక మాట అతికించండి. నడుం నొక్కి కూర్చోబెట్టకండి. మూడు నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు, అన్నం పెట్టే ముందు. అంతకు మించితే పిల్ల విసిగి కొరుకుతుంది.

బాబుని ఖాళీగా ఉంచకండి. అసలు ఎజిలిటీలో సగం పని వాడిదే. కుక్క నోటి మాటకన్నా మన భుజాలు, పాదాలు ఎటు తిరిగాయో చూసి పరిగెడుతుంది. కుక్క లేకుండా, కుర్చీల మధ్య వాడొక్కడే పరిగెత్తి మలుపులు సాధన చేయాలి. పెద్ద పెద్ద పోటీల్లో కూడా కుక్కను తీసుకురాకముందు మనుషులే ఖాళీ రింగులో నడిచి దారి గుర్తుపెట్టుకుంటారు, చూస్తే పిచ్చివాళ్లలా ఉంటారు. బుజ్జితో ఇప్పుడు చేయదగ్గవి ఇవి: నేల మీద పడుకోబెట్టిన కర్ర దాటి నడవడం, బోర్లించిన టబ్బు మీద ముందు కాళ్లు పెట్టడం, మెత్తటి దిండు మీద నిలబడటం, వెనక్కి నడవడం, అరచేతికి ముక్కు తాకించడం, ఎడమ వైపూ కుడి వైపూ సమానంగా నడవడం. టన్నెల్‌ని కుదించి రెండడుగులే ఉంచి, ఇటు నుంచి అటు కనబడేలా పెట్టండి. వరసగా పాతిన కర్రల మధ్య వంకర్లు తిరిగే ‘వీవ్ పోల్స్’ ఏడాది దాటాకే. అంతకు ముందు వెన్నుకి అది మంచిది కాదు.

ఫ్రిస్కో నుంచి జవాబు:

పైన అన్నీ చెప్పేశారు. నాది తిండి సంగతి ఒక్కటే. మాది శాకాహారం, ఇంట్లో చికెన్ రాదు. పనీర్ ముక్కలు బఠాణీ గింజంత కోసి పెడతాం, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ కూడా. రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు దాటొద్దు. లేదా దానికి పెట్టాల్సిన కిబుల్‌నే (ప్యాకెట్‌లో వచ్చే పొడి తిండి గింజలు) ట్రీట్లుగా వాడండి, ఉచితం.

అత్తయ్యగారు రాగానే ముందు చెప్పాల్సింది: ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కుక్కకి విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా. మా అమ్మ చక్కెర పొంగలి ప్రసాదం పెట్టేసింది, అందులో కిస్‌మిస్. రాత్రి పదింటికి ఎమర్జెన్సీకి పరిగెత్తాం. షుగర్ లేని చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. ఉత్త పెరుగన్నం కొంచెం పెడితే ఫర్వాలేదు, పోపు లేకుండా.

ఇంకోటి, మే నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపించకండి. అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనించలేవు. ఇక్కడ దోమలెక్కువ, వాటివల్ల గుండెలో చేరే పురుగు రాకుండా వేసే హార్ట్‌వర్మ్ మాత్ర నెలనెలా మానకండి. ఆస్ట్రేలియన్ షెపర్డ్ రక్తం ఉంది కాబట్టి ఎండీఆర్1 జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి, ఆ లోపం ఉన్నవాటికి కొన్ని మందులు పడవు.

ఇర్వింగ్ నుంచి:

చాలా థ్యాంక్స్ అక్కా, ఫ్రిస్కో వారికి కూడా. పేరు మార్చాం, ఇప్పుడు ‘జున్ను’. బాబు ఏడ్చాడు గానీ ఒప్పుకున్నాడు.

రెండు సందేహాలు. పాప పరిగెడితే వెనకపడి మడమలు కొరుకుతోంది, అది పోట్లాటా? అత్తయ్యగారు వచ్చాక పూజ గది దగ్గర ఎలా?

ప్లేనో నుంచి జవాబు:

జున్ను బాగుంది, ఇంకెవరికీ ఆ పేరుండదు.

పోట్లాట కాదు. ఆ జాతి పుట్టిందే గొర్రెల్ని, పశువుల్ని మడమ దగ్గర పట్టి తోలడానికి. మీ పాప దానికి గొర్రెపిల్ల. కొట్టొద్దు, ముక్కు మీద అస్సలు కొట్టొద్దు. పాపకి చెట్టులా నిలబడి చేతులు కట్టుకోమని నేర్పండి, కదలని దాన్ని తోలబుద్ధి కాదు. అదే సమయంలో గుడ్డ బొమ్మ తాడు కట్టి నేల మీద లాగండి, పళ్లు దాని మీద పడనివ్వండి. ఆ లాగులాటే రేపు ఎజిలిటీలో బహుమతి అవుతుంది, తిండికన్నా బాగా పనిచేస్తుంది. కాకపోతే ‘వదిలేయ్’ అనగానే వదిలేలా ఇప్పటినుంచే నేర్పాలి.

అత్తయ్యగారిని మార్చాలని చూడకండి. మా అత్తగారు ఏడేళ్లలో మా వాణ్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, అయినా ఇద్దరూ ఒకే హాల్లో సీరియల్ చూస్తారు. పిల్లలకు పెట్టే అడ్డగేటు పూజ గది ముందు ఒకటి, వంటగది ముందు ఒకటి బిగించండి. హాల్లో ఒక మూల చిన్న చాప వేసి, దాని మీద ఉన్నంతసేపూ జున్నుకి తిండి పడుతుందని నేర్పండి. మొదటి రోజు పది సెకన్లు, నెలకి పది నిమిషాలు. ఆవిడ వస్తున్నప్పుడు ‘చాప’ అంటే అది వెళ్లి పడుకోవాలి. ఆవిడ వచ్చేలోగా మీకు మూడు వారాలుంది, ఈ రాత్రే మొదలుపెట్టండి. అదే చాప క్లాసుకి తీసుకెళ్లండి, కొత్త చోట సగం భయం తగ్గుతుంది.

ఇర్వింగ్ నుంచి:

ఆదివారం పదింటికి మొదటి క్లాస్ దొరికింది. టన్నెల్ నిన్న వచ్చింది అక్కా. ప్రస్తుతానికి అందులో పాప ఉంది, జున్ను బయట కూర్చుని చూస్తోంది.

ప్లేనో నుంచి:

కూర్చుని చూస్తోందా? అయితే వెళ్లి ముక్క పెట్టండి. తర్వాత పాపని అవతలి చివర కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమనండి, మీరు ఇవతల జున్నుని పట్టుకుని వదలండి. మొదటి రోజు రెండుసార్లు చాలు.