‘గ్రౌండ్‌హాగ్ డే’ అభిమాని ముందుగా చూడవలసిన ఊరు ఏది: వుడ్‌స్టాకా, పంక్సటానీయా?

షాంబర్గ్ వాసి:

అందరికీ నమస్కారం. 1993 ఫిబ్రవరిలో విడుదలైన ‘గ్రౌండ్‌హాగ్ డే’ నేను లెక్క మరచిపోయినన్ని సార్లు చూసిన హాస్యచిత్రం. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. టీవీలో వాతావరణ వార్తలు చెప్పే ఫిల్ కానర్స్ అనే అహంభావి, పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే చిన్న ఊళ్ళో ఏటా ఫిబ్రవరి 2న జరిగే ఉత్సవాన్ని చిత్రీకరించడానికి అయిష్టంగానే వెళతాడు. ఉడుత జాతికి చెంది, బొరియల్లో బతికే గ్రౌండ్‌హాగ్ అనే జంతువు ఆ ఉదయం తన నీడను చూసుకుంటే చలికాలం ఇంకో ఆరు వారాలు ఉంటుందని అక్కడివారి నమ్మకం. మంచు తుఫాను వల్ల ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోయిన ఫిల్ మర్నాడు నిద్ర లేచేసరికి మళ్ళీ ఫిబ్రవరి 2 అయి ఉంటుంది. ఆ తరువాత ఎన్నిసార్లు తెల్లవారినా అదే రోజు. ఫిల్‌గా బిల్ మర్రీ, అతని వెంట వచ్చిన నిర్మాత రీటాగా ఆండీ మెక్‌డవెల్ నటించారు. డానీ రూబిన్ కథకు హెరాల్డ్ రామిస్ దర్శకత్వం వహించారు.

కథ పంక్సటానీదే గానీ సినిమా తీసింది ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగోకు వాయవ్యంగా ఉన్న వుడ్‌స్టాక్‌లో. (1969 నాటి సంగీతోత్సవానికీ ఈ ఊరికీ సంబంధం లేదు. అది న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది.) అభిమాని ఒక్క ఊరికే వెళ్ళగలిగితే దేనికి వెళ్ళాలన్నదే నేను ఇక్కడ పెడుతున్న ప్రశ్న. కథలో పేరున్న ఊరికే వెళ్ళాలని మిత్రులు చాలామంది అంటారు. నేను మాత్రం తెర మీద కనిపించిన ఊరికే వెళ్ళాలంటాను.

ఈ సినిమాలో నవ్వు మాటల్లో ఎంత ఉందో దారిలోనూ అంత ఉంది. ఫిల్ బస చేసిన ఇంటి నుంచి బయటికి వస్తాడు, ముష్టి అడిగే ముసలాయనను దాటుతాడు, వీధి మలుపులో పాత సహపాఠి నెడ్ రయర్సన్ చేతికి చిక్కుతాడు, వాణ్ణి వదిలించుకుని రోడ్డు మీదికి కాలు పెట్టేసరికి మంచునీటి గుంటలో చీలమండ దాకా దిగబడతాడు, ఆ తడి బూటుతోనే జనం గుమిగూడిన స్క్వేర్‌కు చేరతాడు. ఈ నడక ఒకటికి రెండుసార్లు చూసేసరికి మనకు కంఠతా వచ్చేస్తుంది. మూడోసారి ఆ గుంట ఇంకా తెర మీదికి రాకముందే మనం నవ్వడం మొదలుపెడతాం. అలా నవ్వాలంటే ప్రేక్షకుడి మనసులో ఆ ఊరి పటం ముద్రపడి ఉండాలి. నాలుగు వైపులా పాత ఇటుక భవనాలు, మధ్యలో చెట్లు, బ్యాండు వాయించే మండపం, సైనికుల స్మారకస్తంభం ఉన్న వుడ్‌స్టాక్ స్క్వేర్ ఒక్క చూపులో మనసుకు పట్టేస్తుంది. అసలు ఉత్సవం జరిగే గాబ్లర్స్ నాబ్ అలా కాదు. అది పంక్సటానీ ఊరికి రెండు మైళ్ళ దూరాన చెట్ల మధ్య ఉన్న ఖాళీ స్థలం. అక్కడికి ఫిల్ రోజూ వాహనం ఎక్కి వెళ్ళి ఉంటే ముసలాయనా ఉండడు, నెడ్డూ ఉండడు, గుంటా ఉండదు. అంటే సినిమాకు ఆయువుపట్టయిన ఆ నడకే ఉండేది కాదు.

గత శీతాకాలంలో ఇండియా నుంచి వచ్చిన మా అమ్మను వెంటబెట్టుకుని చికాగో నుంచి మెట్రా రైల్లో వెళ్ళాను. స్టేషన్ నుంచి స్క్వేర్‌కు నడిచే వెళ్ళవచ్చు. 1890లో ప్రారంభమైన ఆపెరా హౌస్ సినిమాలో హోటల్‌గా కనిపిస్తుంది, నిరాశ ముదిరిన ఫిల్ దూకేది దాని గంటగోపురం మీది నుంచే. ఆ గోపురం కింద నిలబడి తల పైకెత్తిన మా అమ్మ, సినిమా చూడకపోయినా, కాసేపు అలాగే ఉండిపోయి, “ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద బుర్జు ఎందుకు కట్టుకున్నారో” అంది. సినిమా అంతా ఆ మాటలోనే ఉందని నాకు అనిపించింది. చిన్న ఊరని చులకన చేసిన మనిషికి ఆ ఊరు ఎంత పెద్దదో తెలిసిరావడమే కదా కథ.

పిట్స్‌బర్గ్ వాసి:

షాంబర్గ్ వాసి గారికి నమస్కారం. మీరు ప్రేమతో రాశారు, చదువుతూ ఉంటే నాకూ వుడ్‌స్టాక్ చూడాలనిపించింది. అయినా మీ తీర్పుతో ఏకీభవించలేను.

పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే బంధువులను చుట్టుపక్కల ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్ళడం మా ఇంట అలవాటు. అలా పంక్సటానీకి నాలుగైదుసార్లు వెళ్ళాను, ఒకసారి ఉత్సవానికే వెళ్ళాను. అర్ధరాత్రి దాటిన దగ్గర నుంచి జనం గాబ్లర్స్ నాబ్ కొండ మీదికి చేరుతూనే ఉంటారు. చేతితొడుగులలో వేళ్ళు కొంకర్లు పోతాయి, పసిపిల్లలను దుప్పట్లలో చుట్టి భుజాన వేసుకున్న తండ్రులు కనిపిస్తారు. తెల్లవారుతూ ఉండగా పొడుగు టోపీలు, నల్ల కోట్లు ధరించిన పెద్దలు ఆ జంతువును పైకెత్తి చూపుతారు. ఇది 1887 నుంచి నడుస్తున్న ఆచారం. సినిమా వచ్చేనాటికే దానికి వందేళ్ళు దాటాయి. కొన్ని తరాలుగా ఆ చలిలో నిలబడిన మనుషులు లేకపోతే డానీ రూబిన్‌కు ఆ తేదీ దొరికేదా? ఫిల్ అనే పేరు కూడా ఆ జంతువుదే, కథానాయకుడికి ఆ పేరు పెట్టడంలోనే హాస్యం ఉంది. పేరూ తేదీ ఆచారమూ ఒక ఊరివైతే, మొక్కు ఇంకో ఊరికి చెల్లించడం నాకు న్యాయంగా తోచదు.

ఇంకొక సంగతి. మీరు వుడ్‌స్టాక్‌ను ఒకే అఖండమైన స్థలంగా వర్ణించారు. ఫిల్ బస చేసిన చెర్రీ స్ట్రీట్ ఇన్ అనే ఇల్లు స్క్వేర్‌ను ఆనుకుని లేదు, కొన్ని వీధుల అవతల ఉంది. దాని లోపలి గదులను కేరీ అనే మరో ఊళ్ళో సెట్టు వేసి తీశారు. ఫిల్ గ్రౌండ్‌హాగ్‌ను ఎత్తుకుపోయి పికప్ ట్రక్కుతో సహా దూకే క్వారీ ఉన్నది లవ్స్ పార్క్‌లో. కనుక మీరు ‘కంఠతా వచ్చే పటం’ అన్నది నేల మీద లేదు, ఎడిటింగ్ టేబుల్ మీద తయారైంది. అటువంటప్పుడు తెర మీద కనిపించిన ఊరు అనేది ఎక్కడ ఉన్నట్టు?

పాతచిత్రాల ప్రేమికుడు:

ఇద్దరి వాదనా చదివాను. సినిమాకు ప్రాణం రాతలో ఉంటుంది, నేలలో ఉండదు. మన ‘మాయాబజార్’ 1957లో మద్రాసు స్టూడియోలోనే తయారైంది. ఘటోత్కచుడి ఆశ్రమం ఏ జిల్లాలో ఉందని ఎవరూ అడగలేదు, నవ్వుకు లోటూ రాలేదు. ‘గ్రౌండ్‌హాగ్ డే’ని 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చింది కథనం కోసమే గానీ ఇటుక భవనాల కోసం కాదని నా నమ్మకం.

షాంబర్గ్ వాసి:

పిట్స్‌బర్గ్ వాసి గారూ, ఇంటి విషయంలో మీ మాటే నిజం, నేను తొందరపడి రాశాను. ఆ ఇల్లు, సెట్టు, క్వారీ వేర్వేరు చోట్ల ఉన్నాయి. అయితే నెడ్ ఎదురుపడే మలుపు, నీటిగుంట, ఉత్సవ వేదిక, ఫిల్ రోజూ కూర్చునే టిప్ టాప్ కెఫే, మంచులో రీటాతో నాట్యం చేసే మండపం, ఆపెరా హౌస్ అన్నీ ఆ ఒక్క స్క్వేర్‌లో, దాని అంచునే ఉన్నాయి. ఎడిటింగ్ ముందూ వెనుకా అతుకులు వేసిందేమో గానీ నడుమ ఉన్న గుడ్డ మాత్రం ఒకే నేత.

ఆ కెఫే గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ నిజంగా హోటల్ లేదు, చిత్రీకరణ కోసం ఒక ఖాళీ దుకాణాన్ని అలా మార్చారు. సినిమావాళ్ళు వెళ్ళిపోయాక ఊరివాళ్ళకు అది కావలసి వచ్చి, అదే పేరుతో నిజంగానే కెఫే నడిచింది. తరువాత చేతులు మారి రూపం మారింది. సినిమా ఒక ఊరిని అప్పు తెచ్చుకోవడం మనకు తెలుసు. ఊరు తిరిగి సినిమా నుంచి అప్పు తెచ్చుకోవడం నేను అక్కడే చూశాను.

పాతచిత్రాల ప్రేమికుడు గారికి నా జవాబు ఇది. ‘మాయాబజార్’ మాయకు స్టూడియో చాలు, ఎందుకంటే అక్కడ ప్రతి దృశ్యమూ కొత్త వింత. ఇక్కడ వింత అంతా దృశ్యం మారకపోవడంలో ఉంది. 1992 మార్చి నుంచి జూన్ దాకా, మంచు కరిగి ఎండలు వచ్చేసినా, అదే మూలన, అదే వెలుతురు కనిపించేలా, కృత్రిమ మంచు పరచి మళ్ళీ మళ్ళీ తీశారు. ఆ శ్రమను వుడ్‌స్టాక్ దుకాణదారులు, ఇరుగుపొరుగు నెలల తరబడి భరించారు. నేను మొక్కు వారికి చెల్లించాలంటున్నాను.

పిట్స్‌బర్గ్ వాసి:

ఆ చివరి మాట నన్ను కదిలించింది, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. సినిమా తరువాత పంక్సటానీకి వచ్చే జనం బాగా పెరిగి, పదివేలు దాటడం మామూలయింది. వారిలో చాలామంది ఊళ్ళోకి వచ్చి ఆ సినిమాలోని స్క్వేర్ ఎక్కడని వెతుకుతారు. అక్కడ బార్‌క్లే స్క్వేర్ అనే చక్కని తోట, దాని పక్కనే గ్రంథాలయంలో ఆ జంతువు నివాసం, గాజు వెనక నుంచి చూసే ఏర్పాటు ఉన్నాయి. అయినా “ఇది కాదు” అంటూ నిరాశగా వెనుదిరిగే ముఖాలను నేను చూశాను. తన పండుగ గురించి తీసిన సినిమా వల్ల తన రూపమే నకలుగా కనబడడం ఆ ఊరికి కష్టం కలిగించదా? వుడ్‌స్టాక్‌కు వెళ్ళేవారు కనీసం ఈ సంగతి తెలుసుకుని వెళ్ళాలని నా కోరిక.

కొవ్వూరు గోదారి:

పెద్దలకు నమస్కారం. నేను ఆ రెండు ఊళ్ళూ చూడలేదు, కానీ ఈ చర్చకు మా ఊరి పక్క నుంచి ఒక సాక్ష్యం ఉంది.

కుమారదేవంలో గోదావరి గట్టున ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. అందరూ దాన్ని సినిమా చెట్టు అనేవారు. దాదాపు 150 ఏళ్ళ వయసున్న ఆ చెట్టు కింద 300కు పైగా సినిమాలు తీశారని చెబుతారు. మా చిన్నతనంలో షూటింగు ఉందంటే బడి ఎగ్గొట్టి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. చెట్టు కింద కథను బట్టి ఏదో ఒక ఊరి రచ్చబండ వెలిసేది, మర్నాటికి మాయమయ్యేది. అన్ని సినిమాలలో నటించిన ఆ చెట్టు తెర మీద తన సొంత ఊరి పేరుతో ఎన్నిసార్లు కనిపించిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చనుకుంటాను. 2024 ఆగస్టులో వేళ్ళు తేలిన ఆ చెట్టు కూలిపోయింది. మర్నాడు నేను వెళ్ళేసరికి గట్టు మీద జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఒక ముసలమ్మ విరిగిన కొమ్మ మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది, ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్ళీ చిగురింపజేయాలని మొదలుకు వైద్యం చేశారు, చిగుళ్ళు వచ్చాయి కూడా.

అందుకే నేను షాంబర్గ్ వాసి గారి వైపు ఉన్నాను. పండుగ ఉన్న ఊరికి పండుగే ఏటా జనాన్ని తెస్తుంది. ఇంకొకరి పేరుతో నటించిన చోటును ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని రాసి పెట్టకపోతే అది పోయిన రోజున గానీ దాని విలువ తెలియదు. వుడ్‌స్టాక్‌లో ఆ చోట్లకు గుర్తుగా ఫలకాలు పెట్టారని విన్నాను. అవి ఎలా ఉంటాయో కాస్త వివరంగా రాయగలరా? మా గట్టు మీద కూడా అలాంటిది పెట్టించాలని కొందరం అనుకుంటున్నాం.

షాంబర్గ్ వాసి:

తప్పకుండా రాస్తాను. పెద్ద శిలాఫలకాలనో విగ్రహాలనో ఊహించుకోకండి. నెడ్ ఎదురుపడే మలుపులో అది నెడ్ మూల అని చెప్పే ఒక చిన్న ఫలకం ఉంటుంది. నీటిగుంట ఉన్నచోట, మనిషి రోడ్డు దాటడానికి కాలు దించే సరిగ్గా ఆ అంచున, ఇంకొకటి ఉంటుంది. తల వంచి చూస్తే తప్ప కనబడదు. మేము వెళ్ళిన రోజు దాని మీద మంచు పేరుకుని ఉంటే మా అమ్మ చెప్పు అంచుతో తుడిచింది. దాని మీద పేరు, తేదీ, సినిమా కథ, దాతల వివరాలు ఏవీ లేవు. ‘బిల్ మర్రీ ఇక్కడ అడుగు పెట్టాడు’ అని మాత్రమే ఉంది.