జెన్ ఇంజన్ ఇంట్లోనే విప్పి చేసుకుని మద్రాస్ ట్రాక్‌కి తీసుకెళ్లొచ్చా?

మధురవాడ నుంచి:

అందరికీ నమస్కారం, మాది విశాఖపట్నం. మా నాన్నగారు వాడిన 2001 మోడల్ మారుతి జెన్ ఇప్పుడు నా చేతికొచ్చింది. పెట్రోల్, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ కాదు, ఫ్యూయల్ ఇంజెక్షన్). పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ గుప్పుమంటోంది. కొమ్మాది దాటి హైవే ఎక్కాక గట్టిగా తొక్కినా పొగే. ఆయిల్ పోసినదల్లా తాగేస్తోంది. ఇంజన్ చేయించక తప్పదని ఇద్దరు మెకానిక్కులు తేల్చేశారు. నాకేమో బండి గ్యారేజీలో వదిలేసి రావడం ఇష్టం లేదు. ఇంటి కింద షెడ్డు ఉంది, ఆదివారాలు ఖాళీ, చేతికి గ్రీజు అంటితే బాధ లేదు. నేనే విప్పి బిగించుకోవాలని ఉంది. అది కుదిరితే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని రేస్ ట్రాక్‌లో (మద్రాస్ ట్రాక్ అనేది దాన్నే) ఒక ట్రాక్ డేకి, అంటే సొంత బండిని ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. ఇది జరిగే పనేనా? ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, ఏది బయట ఇవ్వాలి? ఇంట్లోవాళ్లు "నడిచే బండిని మూల పడేస్తావు" అని ఒకటే టెన్షన్ పెడుతున్నారు.

గాజువాక నుంచి:

జరిగే పనే తమ్ముడూ. నేను ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను, ఈ ఇంజన్లు బాగా ఎరుగుదును. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒకటే క్యామ్‌షాఫ్ట్, టైమింగ్ బెల్టు. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఇంజన్ దొరకదు. కానీ పానా పట్టే ముందు జబ్బేమిటో తేల్చు. నువ్వు చెప్పిన రెండు పొగలకూ కారణం ఒకటే కానక్కర్లేదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, కాసేపటికి తగ్గిపోయే పొగ వాల్వ్ సీల్స్‌ది. ఆయిల్ హెడ్‌లోంచి వాల్వ్ కాడ వెంట కిందికి దిగి ఉంటుంది. లోడ్ మీద తొక్కితే వచ్చేది పిస్టన్ రింగులది. ఒట్టి సీల్సే అయితే ఇంజన్ దించే పనే లేదు, డబ్బూ మిగులుతుంది.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఒకటి కొను. ఇంజన్ వేడెక్కాక ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కనెక్టర్ పీకేసి నాలుగు ప్లగ్గులూ తీసెయ్. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే, నువ్వు ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి అంకె రాసుకో. నాలుగూ కాస్త అటూ ఇటూగా ఉండాలి. పది శాతం పైన తేడా వస్తే అనుమానించు. తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పైకి లేస్తే రింగులో, బోరో (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) అరిగింది. కదలకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. అంకెలు ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

అక్కయ్యపాలెం నుంచి:

ఎందుకండీ ఈ తలనొప్పి? ఆటోనగర్‌లో పాత జెన్ ఇంజన్ ఒకటి చూసి వేయించేస్తే ఒక్క రోజులో పని అయిపోతుంది.

గాజువాక నుంచి:

దాని లోపల ఎలా ఉందో అమ్మేవాడికే తెలియదు బాబూ. పైగా ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీద. బ్లాకు మారితే ఆర్సీలోనూ మార్పించుకోవాలి. 2001 బండి అంటే పదిహేనేళ్లు దాటి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లే బండి. అక్కడ బిల్లు లేని ఇంజన్‌తో నిలబడితే ఏం చెబుతారు? సొంత బ్లాకు పనికొచ్చేలా ఉన్నంతకాలం దాన్నే చేసుకోవడం మేలు.

మధురవాడ నుంచి:

టెస్ట్ చేశాను అన్నయ్యా. రెండు, మూడు నంబర్లు తక్కువ చూపించాయి. ఆయిల్ పోస్తే రెండూ లేచాయి. అంటే రింగులేగా? ఇక దించడమే. షెడ్డు స్లాబుకి ఫ్యాను కొక్కెం ఉంది, దానికి చైన్ పుల్లీ కడితే ఆగుతుందా?

గాజువాక నుంచి:

ఫ్యాను కొక్కేనికి ఫ్యానే కట్టు! ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి లేపుతావు. అది జారితే కింద నీ కాలుంటుంది. ఇంజన్ క్రేన్ అద్దెకు తెచ్చుకో, లేదా గట్టి ఇనుప పైపుల ముక్కాలికి చైన్ పుల్లీ వేసుకో. బ్యాటరీ తీసి, పెట్రోల్ లైన్లో ప్రెషర్ వదిలి, ఆయిల్, కూలెంట్ దింపి అప్పుడు మొదలుపెట్టు. ప్రతి కనెక్టర్‌నీ పీకే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకో. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోయొద్దు, ఎక్కడివి అక్కడ విడివిడి కవర్లలో వేసి పేరు రాసి పెట్టు.

విప్పేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం కాస్త ఛాదస్తంగానే ఉండు. కనెక్టింగ్ రాడ్ క్యాప్ ఏ రాడ్‌దో ఆ రాడ్‌కే, అదే వైపు తిప్పి పడాలి. మెయిన్ బేరింగ్ క్యాపులూ అంతే. రెండింటినీ కలిపి మెషిన్ చేస్తారు కాబట్టి మారితే గుండ్రం పోతుంది, క్రాంక్ పట్టేస్తుంది. నంబర్లు కనపడకపోతే పంచ్‌తో చుక్కలు కొట్టుకో.

ఇక బయట ఇవ్వాల్సినవి: బోరింగ్ (సిలిండర్‌ని కాస్త పెద్దది చేయడం), హోనింగ్ (దాని గోడని రాళ్లతో సానపట్టడం), క్రాంక్ పని, హెడ్ ఫేసింగ్ (హెడ్ ముఖాన్ని చదును చేయడం), వాల్వ్ సీట్లు. ఇవి ఇంట్లో అయ్యేవి కావు, ఆటోనగర్‌లో మెషిన్ షాపులు ఉన్నాయి. మనం చేసేది విప్పడం, కడగడం, కొలవడం, బిగించడం. షాపుకి ఇచ్చే ముందు నీ దగ్గర కొలతలు ఉండాలి. అసలు బోరు 72 మి.మీ. డయల్ బోర్ గేజ్‌తో పైన, మధ్య, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచి రాసుకో. అరుగుదల ఎక్కువగా పై రింగు ఆగే చోట ఉంటుంది. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చు, 0.05 మి.మీ. రేకు దూరితే ఫేసింగ్‌కి ఇవ్వాల్సిందే. ఈ జెన్లకి బ్లాకు, హెడ్ రెండూ అల్యూమినియమే. రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోసి నడిపిన బండైతే వాటర్ జాకెట్లు (బ్లాకులో నీళ్లు తిరిగే దారులు) తినేసి ఉంటాయి, అవి కూడా బాగా చూడు.

బోరు పెద్దది చేసి ఓవర్‌సైజ్ వేయాల్సి వస్తే 0.25 మి.మీ., 0.50 మి.మీ. పిస్టన్లు ఉంటాయి. ముందు పిస్టన్లు కొని చేతిలో పెట్టుకో, వాటిని కొలిచి ఆ సైజుకి బోరు చేయమని ఇవ్వు. బోరు చేయించేసి తర్వాత పిస్టన్ల కోసం తిరిగేవాళ్లని చాలామందిని చూశాను.

మధురవాడ నుంచి:

బ్లాకు బోరింగ్ అయి వచ్చింది. 0.50 పిస్టన్లు. షాపువాళ్లు కిరసనాయిల్‌తో కడిగి ఎయిర్ కొట్టి ఇచ్చారు. ఇక బిగించేయొచ్చా?

గాజువాక నుంచి:

ఆగు. ఒక తెల్ల బనియన్ గుడ్డకి కాస్త ఆయిల్ రాసి సిలిండర్ గోడ మీద గట్టిగా తుడిచి చూడు. బూడిద రంగు వస్తుంది. అది హోనింగ్ రాళ్ల పొడి, గోడ మీద ఆ అడ్డగీతల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరసనాయిలు దాన్ని తడుపుతుందే తప్ప బయటికి లాగదు. లోపల ఉండిపోతే కొత్త రింగుల్ని ఎమరీ కాగితంలా అరగదీస్తుంది. వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, గట్టి నైలాన్ బ్రష్షు తీసుకుని ఒక్కో బోరునీ తోము. కడుగు, తుడువు, గుడ్డ చూడు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా అదే పని. ఆయిల్ దారుల్లోకి కూడా సన్న బ్రష్షు దూర్చి కడుగు. పూట పట్టినా విసుక్కోకు.

మన ఊళ్లో ఇంకో తంటా ఉంది. అల్యూమినియం బ్లాకైనా లోపలి లైనర్లు క్యాస్ట్ ఐరన్. సముద్రపు గాలికి, ఈ ఉక్కపోతకి, కడిగి టీ తాగి వచ్చేలోపు బోరు మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. కడగడం అయిన వెంటనే ఎయిర్ కొట్టి, ఇంజన్ ఆయిల్ పూసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టెయ్. వానాకాలంలో అయితే బ్లాకుని రాత్రి షెడ్డులో వదిలేయకు, ఇంట్లోకి తెచ్చుకో. ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే.

మధురవాడ నుంచి:

గుడ్డ నల్లగా వచ్చింది అన్నయ్యా! మళ్లీ మొత్తం కడిగాను. రింగులు కొత్తవే కాబట్టి నేరుగా ఎక్కించేయొచ్చా?

గాజువాక నుంచి:

కొత్తవైనా గ్యాప్ చూడాలి. రింగుని ఒక్కదాన్నే బోర్లో పెట్టి, పిస్టన్ తలకిందులు చేసి దాంతో కిందికి నొక్కు, అప్పుడు రింగు సమంగా కూర్చుంటుంది. రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ పెట్టు. రోడ్డు బండికి బోరులో మిల్లీమీటరుకి 0.004 లెక్కన పై రింగుకి సుమారు 0.29 మి.మీ. వస్తుంది. ట్రాక్ మీద వేడి ఎక్కువ కాబట్టి పిసరు ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుంటే బోరు గీరుకుపోతుంది. చివరి మాట మాత్రం సర్వీస్ మాన్యువల్‌దే, రింగుల పెట్టె మీద అంకె ఉంటే అదీ చూడు.

బేరింగ్ షెల్స్‌కి ప్లాస్టిగేజ్ పోగు (బిగిస్తే నలిగి సందు ఎంతో చూపే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి క్లియరెన్స్ చూసుకో. హెడ్ బోల్టుల రంధ్రాల్లో ఆయిల్ గానీ నీళ్లు గానీ నిలిచి ఉంటే ఎయిర్ కొట్టు, లేకపోతే బోల్టు బిగిస్తుంటే ఆ ఒత్తిడికి బ్లాకు పగులుతుంది. టార్క్ రెంచ్ లేకుండా హెడ్ బిగించొద్దు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కొత్తవి వెయ్. మార్కులు కలిపాక పానాతో క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిశాయో లేదో చూడు. ఎక్కడైనా తగిలితే బలవంతం చేయకు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు లేకుండా, పెట్రోల్ రాకుండా సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా తిప్పు.

అక్కయ్యపాలెం నుంచి:

సంపత్ వినాయకుడి గుళ్లో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి నేరుగా చెన్నై బయల్దేరమనండి. 800 కిలోమీటర్లు ఉంది కదా, దారిలోనే రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్‌ని అలవాటు చేయడం) అయిపోతుంది.

గాజువాక నుంచి:

పూజ చేయించండి, చెన్నై మాత్రం అప్పుడే వద్దు. హైవేలో గంటలకొద్దీ ఒకే స్పీడులో వెళితే రింగులు సరిగా కూర్చోవు. ఒంగోలు దాటాక రాత్రిపూట ఏ హోస్ ఊడినా ఎవరు దిక్కు? ముందు ఊరి చుట్టూ తిప్పాలి. సింహాచలం ఘాట్ ఎక్కించు, ఆనందపురం మీదుగా విజయనగరం పోయిరా. తొక్కడం, వదలడం జరుగుతుండాలి. అలాగని ఎర్ర గీత దాకా లాగకు, ఐడిలింగ్‌లో నిలబెట్టి ఉంచకు. మామూలు మినరల్ ఆయిల్ పోసి మొదటి 50 కిలోమీటర్లకే దింపెయ్, ఫిల్టరు మార్చు. కొత్త ఇంజన్ వదిలే లోహపు పొడి ఎక్కువగా అప్పుడే వస్తుంది. మళ్లీ 500 దగ్గర ఒకసారి. వెయ్యి, పదిహేను వందలు తిరిగి, కంప్రెషన్ మళ్లీ చూసుకున్నాక ట్రాక్ మాట.

ఎంవీపీ కాలనీ నుంచి:

ట్రాక్ సంగతి నేను చెబుతాను, అక్కడ నడిపినవాణ్ణి. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, శ్రీపెరుంబుదూర్ దగ్గర, చెన్నై-బెంగళూరు రోడ్డు మీద. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే కూడా ఉంది, 2.1 కిలోమీటర్లు. చిన్న ఇంజన్‌కి అదీ సరదాగానే ఉంటుంది గానీ మనకి ఇంకా దూరం. జెన్‌తో వెళితే సిగ్గుపడక్కర్లేదు, తేలికైన బండి, మలుపుల్లో మహా సంతోషం.

అందరూ ఇంజన్ గురించే ఆలోచిస్తారు, అక్కడ ముందు చేతులెత్తేసేది బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తుంది, మన తీరంలో చెప్పేదేముంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అదే 155 దగ్గరే మరుగుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేలకి తగులుతుంది. వెళ్లే వారంలో కొత్త ఆయిల్ పోసి ఎయిర్ తీయించు, ప్యాడ్లు కొత్తవి వెయ్, పాతవి డిక్కీలో పెట్టుకో. తిరుగు ప్రయాణం కూడా ఆ బండిలోనే కదా.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకు. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాకా ఉండాలి, పొడుగు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది. మీటర్లో టెంపరేచర్ ముల్లు కదిలిందంటే పక్కవాడు దాటినా సరే తగ్గించు. సెషన్లు పదిహేను, ఇరవై నిమిషాలే ఉంటాయి. ఆఖరి ల్యాప్ బ్రేకులు ముట్టుకోకుండా నెమ్మదిగా నడుపు. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకు, గేర్లో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టు. దిగగానే టైర్ల గాలి చూడు, వేడికి పెరిగి ఉంటుంది, కాస్త దింపుకో. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడు. హెల్మెట్, షూ, డ్రెస్సు, టో హుక్ విషయంలో నిర్వాహకులు పంపే రూల్స్ ముందే చదువుకో. ఖాళీ బాటిల్ నుంచి స్పేర్ టైరు దాకా బండిలో వదులుగా ఉన్నవన్నీ తీసెయ్.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితం కూడా ఒకసారి చదువు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వంటి వాడకం మామూలు కారు పాలసీలో చేరదు. ట్రాక్ మీద ఏం జరిగినా ఖర్చు నీదే అనుకుని వెళ్లు. ఆ ఖర్చు భరించలేననుకుంటే తొంభై శాతం స్పీడులో నడుపు, సరదా ఏమీ తగ్గదు.

బీచ్ రోడ్డులో అర్ధరాత్రి ప్రాక్టీసు చేద్దామని ఎవరైనా పిలుస్తారు, పోకు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానాయో, రెండూనో పడొచ్చు. అది పక్కన పెట్టినా, అక్కడ వాకింగ్‌కి వచ్చేవాళ్లుంటారు.

మధురవాడ నుంచి:

అందరికీ థాంక్స్. ఇంజన్ బండిలోకి ఎక్కింది, నిన్న స్టార్ట్ అయింది. పొగ లేదు. కానీ వాల్వ్ కవర్ మూల నుంచి సన్నగా ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. మళ్లీ విప్పాలా?

గాజువాక నుంచి:

హెడ్ విప్పక్కర్లేదు. ఆ కవర్ గ్యాస్కెట్ మూలలో మడత పడిందేమో చూడు. కవర్ తీసి రెండు ముఖాలూ పొడిగా తుడిచి, గ్యాస్కెట్ సరిగ్గా గాడిలో కూర్చోబెట్టి, మూలల్లో మాత్రం కొద్దిగా సిలికాన్ పుయ్యి. నట్లు ఎక్కువ బిగించకు, రబ్బరు నలిగి ఇంకా కారుతుంది. 50 కిలోమీటర్ల ఆయిల్ మార్చేటప్పుడు చేసేసుకో. దింపిన ఆయిల్‌ని తెల్ల ప్లేట్లో పోసి ఎండలో ఫొటో తీసి పెట్టు, చూస్తాను.