అదే టైము, అదే చోటు: పక్షులు ఒకసారి వేటలో, ఒకసారి ఇసుక మీద. ఎందుకు?

ప్రశ్న (కాకినాడ):
హోప్ ఐలండ్ వైపు బోటులో వెళ్తే పొద్దున్న ఏడింటికి టెర్న్‌లు (చేపల కోసం నీళ్లలోకి దూకే సముద్రపు పక్షులు) గుంపుగా నీళ్లలోకి దూకుతున్నాయి. వారం తర్వాత అదే ఏడింటికి వెళ్తే అన్నీ ఇసుక మీద ముడుచుకుని కూర్చున్నాయి. ఎండ, గాలి కూడా అలాగే ఉన్నాయి. ఎప్పుడు వెళ్తే వేట కనబడుతుందండీ?

జవాబు (భైరవపాలెం):
టైము కాదండీ, పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు తీయడం) చూసుకుని బయలుదేరాలి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి అది ఆరు గంటల దాకా వస్తుంది. అంటే మొదటిసారి మీరు వెళ్లేసరికి నీరు తీస్తూ ఉంటే, రెండోసారి అదే ఏడింటికి ఎక్కుతూ ఉంటుంది.

మాది వేట మీద బతికే ఇల్లు. పాటుకి కోరింగ మడ అడవి కాలవల్లో నీళ్లన్నీ మొగలోకి, అంటే సముద్రంలో కలిసే చోటికి, దిగుతాయి, చిట్టి రొయ్యా పిల్లచేపా వాటితోపాటే కొట్టుకొస్తాయి. అడుగున ఇసుక మేట అడ్డుపడిన చోట నీరు పైకి పొంగుతుంది. ఆ ముక్క నూనె పోసినట్టు నున్నగా ఉంటుంది, దాని అంచున సన్నటి అలలు లేస్తుంటాయి. చిన్న చేప ఆ ఒరవడికి ఆగలేక పైకి తేలిపోతుంది. చిన్న టెర్న్ మూరెడు లోతుకి మించి పెద్దగా దిగలేదు, అందుకే ఆ అంచునే పట్టుకుని తిరుగుతుంది. ఉత్తర ఐర్లండ్‌లో స్ట్రాంగ్‌ఫర్డ్ దగ్గర ఆటుపోట్లతో కరెంటు తీసే స్తంభం ఒకటి ఉండేది. దాని వెనక నీరు సుడి తిరిగే చోటే టెర్న్‌లు మేతకి చేరేవని పరిశోధకులు గమనించారు. మన మేటలు చేసేదీ అదే పని.

జవాబు (యానాం):
సీగల్స్ మాత్రం వల లాగే బోటు వెనకే వస్తాయి కదా, వాటికి పాటుతో పనేముంది?

జవాబు (భైరవపాలెం):
నిజమేనండీ, బోటు కనబడితే వాటికి అదే మేత. బోట్లు లేని పూట అవీ మొగకే వస్తాయి. ఉల్లంకుల లాంటి బురద పక్షులకైతే పాటు ఇంకా ముఖ్యం. నీరు వెనక్కి తీసేకొద్దీ దాని అంచు వెంటే నడుస్తూ పురుగులు ఏరుకుంటాయి, పోటెక్కితే దిబ్బ మీదికి చేరతాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజులు నీరు బాగా తీస్తుంది, బురద ఎక్కువ బయటపడుతుంది. పోటు పట్టిక చూసి, పాటు మొదలైన గంటకి మొగ దగ్గర ఉండండి. బోటు మేటకి దూరంగానే ఆపించండి. దిబ్బ మీదున్న వాటిని లేపితే వాటి ఓపిక వృథా అవుతుంది, అది చూడలేనండీ.