ఫ్యాక్ట్‌చెక్ సంస్థకు పక్షపాతం ఉందో లేదో ఎలా తేల్చాలి?

ప్రశ్న

ఒక స్వతంత్ర ఫ్యాక్ట్‌చెక్ సంస్థ ఏడాది పాటు ఇచ్చిన తీర్పులన్నీ కూర్చుని లెక్కపెట్టాను. ఒక పక్షం నేతల మాటల్లో 'తప్పు' అని తేల్చినవి రెండో పక్షంకంటే దాదాపు రెట్టింపు ఉన్నాయి. "ఇంతకంటే రుజువేం కావాలి, వాళ్లు అమ్ముడుపోయారు" అంటాడు మా అన్నయ్య. నాకు మాత్రం విషయం అంత సులువుగా తేలేలా కనిపించడం లేదు. మీరేమంటారు?

మొదటి జవాబు

మీ అన్నయ్య మాటే నిజం. డబ్బెక్కడి నుంచి వస్తోందో చూడండి, చాలు. ఫేస్‌బుక్ 2016 డిసెంబరు నుంచి ఇలాంటి సంస్థలతో పోస్టులు తనిఖీ చేయించింది, అందుకు డబ్బులూ ఇచ్చింది. 2025 జనవరిలో అమెరికా వరకు ఆ పని ఆపేస్తున్నామని ప్రకటిస్తూ, ఫ్యాక్ట్‌చెకర్లకు రాజకీయ పక్షపాతం ఉందని ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గే అన్నాడు. ఇక ఈ సంస్థలకిచ్చే సర్టిఫికెట్ సంగతి. ఈ రంగానికి నియమావళి పెట్టి, దాన్ని పాటించే సంస్థలకు గుర్తింపు ఇచ్చే ఐఎఫ్‌సీఎన్ (అంతర్జాతీయ ఫ్యాక్ట్‌చెకింగ్ నెట్‌వర్క్), అమెరికాలోని జర్నలిజం సంస్థ పాయింటర్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగం. అమెరికా ఫ్యాక్ట్‌చెక్ సంస్థ పొలిటీఫ్యాక్ట్ కూడా 2018 నుంచి ఆ పాయింటర్ కిందే ఉంది. పరీక్ష పెట్టేవాళ్లూ రాసేవాళ్లూ ఒకే ఇంటివాళ్లయితే ఆ మార్కులకు విలువేముంది?

రెండో జవాబు

ఒకే ఇంటివాళ్లన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ గుర్తింపు కోసం సంస్థలు పెట్టే దరఖాస్తులను బయటి నిపుణులే పరిశీలిస్తారు, ఆ నివేదికలు అందరూ చదవొచ్చు. అయినా ఆ అనుమానం పూర్తిగా పోదు. కానీ జుకర్‌బర్గ్ అన్నాడు కాబట్టి పక్షపాతం ఉన్నట్టే అంటే ఒప్పుకోలేను. అది ఒక కంపెనీ అధిపతి అభిప్రాయం, దాన్నీ తనిఖీ చేయాల్సిందే.

ప్రశ్న అడిగినవారి లెక్క దగ్గరికి వస్తాను. ఫ్యాక్ట్‌చెకర్లు చీటీలు తీసి మాటలను ఎంచుకోరు. అనుమానం కలిగినవి, ఎక్కువ మందికి చేరినవి తీసుకుంటారు. కాబట్టి రెట్టింపు రావడానికి ఆ పక్షం నిజంగానే ఎక్కువ తప్పులు చెప్పి ఉండొచ్చు, లేదా సంస్థ అటువైపే ఎక్కువ వెతికి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏదో ఆ అంకె ఒక్కటీ చెప్పలేదు. నా దృష్టిలో పక్షపాతం ఉంటే ముందు ఎంపికలోనే ఉంటుంది. తీర్పుల్లో తేడాలు మనం అనుకునేంత ఉండవు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం స్నోప్స్ (ఇదీ అమెరికా ఫ్యాక్ట్‌చెక్ సంస్థే), పొలిటీఫ్యాక్ట్ రెండూ పరిశీలించిన 749 మాటలను పోల్చింది. రేటింగ్ పేర్లలో ఉన్న చిన్న తేడాలను సర్దిచూస్తే నిజంగా విరుద్ధంగా తేలింది ఒక్కటే.

నాకు నమ్మకం సడలింది వేరే చోట. వరద ఫొటో ఒకటి నాకు నాలుగైదు గ్రూపుల నుంచి వచ్చింది. ఒక సంస్థ దాన్ని 'ఫేక్' అని రాసింది. వాళ్లిచ్చిన లింకు తెరిచి చూస్తే ఫొటో అసలుదే, కొన్నేళ్ల కిందటిది. తప్పల్లా దాని కింద రాసిన తేదీ. 'ఫేక్' అంటే జనం కంప్యూటర్‌లో తయారుచేశారనుకుంటారు, నిజంగా మునిగిన ఆ ఇళ్లు అబద్ధమైపోతాయి. మెయిల్ పెట్టాను. మూడు రోజులకు హెడ్డింగ్ 'పాత ఫొటో' అని మారింది, కానీ మార్చినట్టు కింద ఒక్క ముక్క లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఐఎఫ్‌సీఎన్ నియమాల్లో నిష్పక్షపాతం, మూలాలు, నిధులు, పద్ధతితో పాటు సవరణలను బాహాటంగా చెప్పడమూ ఉంది. ఏ సంస్థనైనా నేనిప్పుడు ముందు సవరణల పేజీ చూస్తాను.

ఒక పని చేయండి. పది కథనాలు తీసుకుని, తీర్పు కనబడకుండా మూసి, ఆధారాలు మాత్రమే చదివి మీ తీర్పు రాసుకోండి. తర్వాత పోల్చండి. కథనాలు మీరు ఏరుకోవద్దు, వరసగా తీసుకోండి.

మొదటి జవాబు ఇచ్చినవారు

సవరణలు అంటున్నారు కదా, ఇది చూడండి. 'మీకున్న ఆరోగ్య బీమా నచ్చితే అదే ఉంచుకోవచ్చు' అన్న ఒబామా మాటకు పొలిటీఫ్యాక్ట్ 2008లో 'నిజం' అంది. తర్వాత 'సగం నిజం' అంది. 2013లో ఒబామా బీమా చట్టం వల్ల చాలామందికి పాలసీలు రద్దవుతున్నట్టు నోటీసులు వెళ్లాక, ఆ ఏటి అతిపెద్ద అబద్ధం అదేనంది. ఒకే సంస్థ, ఒకే మాట. ఎన్నికలైపోయాక తీర్పు మారితే ఓటరుకు ఏం ఒరిగింది?

రెండో జవాబు ఇచ్చినవారు

ఓటరుకు ఒరిగిందేమీ లేదు, ఈ విషయంలో నేను మీవైపే. 2008లో ఆ బీమా చట్టం ఇంకా ప్రణాళికే. ఇంకా జరగనిదానికి 'నిజం' అని ముద్ర వేయడమే పొరపాటు. హామీని హామీగానే చూసి, ప్రణాళికలో ఏముందో చెప్పి ఆగాల్సింది. అయితే ఇది పక్షపాతమా, పద్ధతిలో లోపమా అన్నది వేరు. అవతలి పక్షం హామీలనూ అలాగే కొలిచి ఉంటే అది లోపం. ఒకవైపే అలా చేసి ఉంటే పక్షపాతం. అది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇంకో మాట, పాత తీర్పులు చెరిపేయకుండా ఉంచారు కాబట్టే మీరీ రోజు వాళ్లను నిలదీయగలుగుతున్నారు.

ప్రశ్న అడిగినవారు

పది కథనాలూ మూసి చదివాను. ఎనిమిదింటిలో నాదీ సంస్థదీ ఒకటే తీర్పు. రెండింటిలో తేడా వచ్చింది, రెండూ ఉద్యోగాల లెక్కలే. పోలికకు ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే గొడవంతా. ఆ సంవత్సరాన్నే ఎందుకు తీసుకున్నారో కథనంలో చెప్పలేదు, సంస్థకు మెయిల్ పెట్టాను. ఆ రెండు మాటలూ ఒకే పక్షానివి, కాబట్టి అన్నయ్య అనుమానాన్ని ఇప్పుడే కొట్టిపారేయలేను. ఈ వారం ఇంకో ముప్పై చూస్తాను. ఈసారి తీర్పులు అన్నయ్యతో రాయిస్తాను.