వెనక సీలా, టాపెట్ కవరా: పాత కమిన్స్ ఇంజన్ ఆయిల్ లీకు

మిర్చియార్డు లారీ:
నాది 2006 నాటి టాటా 2515. ఇంజన్ టాటా కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్లది. రాత్రి బండి నిలిపిన చోట తెల్లవారేసరికి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్‌ను మూసి ఉంచే డొప్ప) కింద అరచేతంత మరక ఉంటోంది. గుంటూరు నుంచి చెన్నై వెళ్ళి వచ్చేసరికి లీటరుకు పైగా ఆయిల్ కలపాల్సి వస్తోంది. మేస్త్రికి చూపిస్తే, ఒక్క నిమిషం కింద పడుకుని చూసి, క్రాంకు (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక చివర ఆయిల్‌ను ఆపే సీలు పోయిందనీ గేర్‌బాక్స్ దించాలనీ తేల్చేశాడు. మిర్చి సీజన్‌లో మూడు రోజులు బండి నిలిపితే కిస్తీ కట్టలేను. దించకముందే అది సీలేనని తెలుసుకునే మార్గం ఉంటే పెద్దలు చెప్పగలరు.

ఆటోనగర్ మేస్త్రి:
మీ మేస్త్రి చెప్పింది సరైన మాట. హౌసింగ్ అడుగు రంధ్రం నుంచి ఇంజన్ ఆయిల్ కారుతోందంటే అది వెనక సీలే. ముప్పై ఏళ్ళుగా విజయవాడలో ఈ పనే చేస్తున్నాను. ఆలస్యం చేస్తే ఆయిల్ క్లచ్ ప్లేటుకు పట్టి, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది.

డిపో విశ్రాంత ఉద్యోగి:
మేస్త్రి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఈ మాటతో విభేదిస్తున్నాను. ఇంజన్ వెనక భాగంలో అన్నిటికంటే పల్లంగా ఉండే చోటు అదే కాబట్టి, పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరికి అక్కడికే చేరి చుక్కగా పడుతుంది. ఈ ఇంజన్‌లో టాపెట్ కవర్, అంటే వాల్వులను కదిపే టాపెట్ల చోటును బ్లాకు పక్కన మూసే మూత, సిలిండర్లకు డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు వెనక దాగి ఉంటుంది. దాని ప్యాకింగ్ (అతుకులో వేసే గాస్కెట్) ఎండిపోతే ఆయిల్ బ్లాకు పక్కగా జారి, ఫ్యాన్ గాలికి వెనక్కి పాకి, అచ్చం సీలు పోయినట్టే కనిపిస్తుంది. బండి నడిపేటప్పుడు కారిన ఆయిల్ ఎప్పుడూ వెనక్కే పోతుంది కనుక, తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి.

ముందుగా ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, ఇంజన్ వేడెక్కేవరకు నడపండి. ఆయిల్ మొదట ఎక్కడ తడుస్తుందో ఆ తెల్లని పొడి మీద గీతలా కనబడుతుంది. రంధ్రం దగ్గర పడిన చుక్కను వేలితో రాసి వాసన కూడా చూడండి. గంధకం వాసన ఘాటుగా వస్తే అది గేర్ ఆయిల్. అప్పుడు తప్పు ఇంజన్‌ది కాదు, గేర్‌బాక్స్ ముందు సీలుది.

హైవే డ్రైవర్:
ఆయిల్ పోసే మూత తీసి చూశారా? పొగ ఎగదన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, అంటే సిలిండర్లలోని ఒత్తిడి పిస్టన్ల పక్కగా కిందికి దిగుతున్నట్టే.

ఆటోనగర్ మేస్త్రి:
పౌడర్లు చల్లుకుంటూ కూర్చుంటే షెడ్డు నడవదు. గేర్‌బాక్స్ దించితే సీలు కనబడుతుంది, క్లచ్ కనబడుతుంది, క్యామ్ షాఫ్ట్ (వాల్వులను నడిపే ఇరుసు) వెనక రంధ్రాన్ని మూసే బిళ్ళ కారుతుంటే అదీ కనబడుతుంది. అన్నీ ఒకేసారి తేలిపోతాయి. టాపెట్ కవర్ తేలికైన పని అనుకుంటున్నారేమో, పంపు దించి మళ్ళీ టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) కలపాలి.

కొల్లిపర ఓనర్:
రెండేళ్ళ క్రితం నా బండికి ఇలాగే గేర్‌బాక్స్ దించి సీలు మార్చారు. పదిహేను రోజుల్లో మళ్ళీ కారింది. మళ్ళీ దించారు, మళ్ళీ కూలి తీసుకున్నారు. కొత్త సీలు పెదవికి (క్రాంకుకు ఆనే లోపలి అంచుకు) ఆయిల్ రాసి ఎక్కించడం నేను దగ్గరుండి చూశాను. ఈ ఇంజన్ వెనక సీలును పొడిగానే ఎక్కించాలని తరువాత తెలిసింది. పసుపు లోడు దుగ్గిరాలలో వేరే బండికి పోయింది. ఆ నష్టం ఎవరిస్తారు?

ఆటోనగర్ మేస్త్రి:
ఏ సీలుకైనా ఆయిల్ రాసే ఎక్కిస్తాం. రాయకపోతే పెదవి మాడిపోతుంది. ఇది నాకు మా గురువు నేర్పిన పని.

డిపో విశ్రాంత ఉద్యోగి:
రబ్బరు పెదవి ఉన్న పాత సీళ్ళకు ఆ మాట నిజమే. ఇది టెఫ్లాన్ పెదవి సీలు. క్రాంకు అంచునూ సీలునూ శుభ్రంగా తుడిచి పొడిగా ఎక్కిస్తేనే, టెఫ్లాన్ పలచటి పొరగా క్రాంకుకు అంటుకుని ఆయిల్‌ను ఆపుతుంది. గురువు గారు నేర్పింది ఆ పాత సీళ్ళ పద్ధతి, అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఈ రకం సీలుకు పాత పద్ధతి పట్టుకుని ఓనరు చేత రెండుసార్లు కూలి కట్టించడం అన్యాయం.

ఆటోనగర్ మేస్త్రి:
అన్యాయం అనే మాట నా మీద వేయకండి. మీకు డిపోలో వెతికినా, విప్పినా, ఊరికే నిలబడినా నెల తిరిగేసరికి జీతం వచ్చింది. నా దగ్గర ఓనరు రెండు గంటలు కడిగించి, వెతికించి, చివరికి ప్యాకింగ్ అని చెబితే, "ఇంతోటి దానికి డబ్బా?" అని పక్క షెడ్డుకు తీసుకుపోయి వేయించుకున్నాడు. అలా ఒకసారి కాదు, ఎన్నోసార్లు జరిగింది. దించితే కూలి ఇస్తారు, వెతికితే ఇవ్వరు. ఇంట్లో నలుగురు తినాలి, షెడ్డులో ముగ్గురు కుర్రవాళ్ళకు వారం కూలి ఇవ్వాలి. ఏది చేయమంటారు?

కొల్లిపర ఓనర్:
ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను ఆ రెండు గంటలకూ ఇచ్చేవాణ్ణి, మేస్త్రి గారూ. నాకు రెండుసార్లు దించిన కూలి కంటే అది తక్కువే అయ్యేది.

డిపో విశ్రాంత ఉద్యోగి:
మేస్త్రి గారు చెప్పింది నేను ఆలోచించని విషయం. ఆ మాట ఒప్పుకుంటున్నాను. సీలు పొడిగా ఎక్కించాలన్న మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

మిర్చియార్డు లారీ:
అందరికీ నమస్కారం. వేరే మేస్త్రి దగ్గరికి వెళ్ళి, వెతకడానికే ఒక పూట కూలి విడిగా ఇస్తానని ముందే మాట్లాడుకున్నాను. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి ఇరవై నిమిషాలు నడిపాం. పంపు వెనక, టాపెట్ కవర్ వెనక మూల నుంచి వేలెడంత వెడల్పున తడి గీత దిగి హౌసింగ్ అంచు వరకు పోయింది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు విప్పితే లోపల గట్టి మడ్డి పేరుకుని సగం పూడిపోయి ఉంది. క్రాంక్‌కేసులో (క్రాంకు తిరిగే ఇంజన్ అడుగు భాగంలో) ఒత్తిడి బయటికి పోయే దారి లేక ప్యాకింగ్‌ను తోసిందని ఆ మేస్త్రి అన్నాడు. పైపు శుభ్రం చేసి, పంపు దించి, కొత్త ప్యాకింగ్ వేసి, టైమింగ్ కలిపేసరికి ఒకటిన్నర రోజు పట్టింది.

ఆటోనగర్ మేస్త్రి:
హౌసింగ్ అడుగు రంధ్రం ఇప్పుడు పూర్తిగా ఆరి ఉందా?

మిర్చియార్డు లారీ:
మొన్న చెన్నై నుంచి వచ్చాక చూస్తే ఒక్క చుక్క ఉంది. లోపల మిగిలిన పాత ఆయిలో, కొత్తగా కారిందో చెప్పలేను. తుడిచి మళ్ళీ పౌడరు చల్లాను. ఎల్లుండి లోడు దించగానే చూసి ఇక్కడే రాస్తాను.