ఉద్యోగంలో చేరే ముందు మీరు ఏం చూస్తారు?

హనుమకొండ అక్క:
మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. హైదరాబాద్ కంపెనీ నెలకు 4,000 ఎక్కువ ఇస్తానంటోంది. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలట, రెండేళ్లు మానేయనని బాండు రాయాలట. ఇక్కడి సంస్థలో జీతం తక్కువ, షరతులేమీ లేవు. నాన్న "జీతం చూసుకోరా" అంటున్నారు. వాడు ససేమిరా అంటున్నాడు. వాడిది తొందరపాటా?

కూకట్‌పల్లి వాసి:
కాదండీ. నేను అలా ఇచ్చి ఇరుక్కున్నాను. అమ్మకు జబ్బు చేసి మానేస్తే, నా నీలం ఫైలు వాళ్ల బీరువాలోంచి బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే ఒక ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. జిరాక్సులతో వెళ్లాను, ఒరిజినల్స్ లేవని తిప్పి పంపారు.

ఫార్మా షిఫ్టు:
నేను పీఎఫ్ (భవిష్య నిధి) చూస్తాను. పాత కంపెనీ ప్రతి నెలా నా జీతంలో 12 శాతం కోసుకునేది. ఒకరోజు పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే పదకొండు నెలలు ఖాళీ! ఇప్పుడు చేరిన రెండో నెలే ఫోనులో చూసుకుంటాను. జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కార్డు కూడా అడగమనండి.

రాత్రి డ్యూటీ:
నా మొదటి ప్రశ్న, రాత్రి కంపెనీ కారు ఎక్కడ దింపుతుంది? సందు మొదట్లోనా, మా గుమ్మం ముందా? దీనికి తడబడితే లేచి వచ్చేస్తాను.

బాలానగర్ షెడ్డు:
నాది చిన్న లేత్ షెడ్డు, పద్దెనిమిది మంది. ఐటీఐ కుర్రాళ్లు చేరకముందే "ఓటీ (అదనపు గంటల పని)కి ఎంతిస్తారు?" అంటే ఒకప్పుడు కోపం వచ్చేది. మా రోజుల్లో అలా అడిగితే పని పోయేది. చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు ఇవ్వాలి. నేను నోటిమాటగా ఒప్పుకుని, నెలాఖరున బేరమాడేవాణ్ని. లేత్ నడిపే ఇద్దరు మంచి టర్నర్లు వెళ్లిపోయాక కళ్లు తెరుచుకున్నాయి. గోడకు బోర్డు పెట్టాను: వచ్చే వారం షిఫ్టులు, ఎవరికి ఎన్ని ఓటీ గంటలు. జీతం ఏడో తేదీ దాటనివ్వను. ఇప్పుడు దసరాకు ఊరెళ్లిన వాళ్లు తిరిగి వస్తున్నారు. అమ్మా, బాండు కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని మీ తమ్ముణ్ని అడగమనండి. ఇవ్వకపోతే ఆ ఉద్యోగం వద్దు.

హనుమకొండ అక్క:
అందరికీ ధన్యవాదాలు. బాలానగర్ బాబాయి గారు రాసింది నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు కాగితం అడుగు" అన్నారు తమ్ముడితో. ఒరిజినల్స్ చూపించి వెంటనే తీసుకుంటానని కూడా వాడు చెబుతాడట. వాళ్లు ఏమన్నారో రాస్తాను.