గండికోటకు పంపు స్టవ్వా, ప్రొపేనా? ఎవరైనా తేల్చి చెప్పండి

గుంతకల్లు కుర్రోడు:
పొద్దున్నుంచి ఈ స్టవ్వుతోనే సరిపోయింది. అవ్వ వాళ్లింట్లో అటక మీదున్న ఇత్తడి పంపు స్టవ్వు దింపి, చింతపండుతో తోమి, చమురు పోసి వెలిగిస్తే అంతా పసుపు మంట, పొగ. గిన్నె అడుగు నల్లగా మసి పట్టింది. పంపు కొట్టీ కొట్టీ చెయ్యి పీకుతోంది, నీలం మంట మాత్రం రాదు. శనివారం రాత్రి గండికోటలో టెంట్లు వేస్తున్నాం. ఇది పక్కన పడేసి ప్రొపేన్ స్టవ్వు కొనమని ఫ్రెండ్ పోరు. బయటి దేశాల వీడియోల్లో ఒకరు ప్రొపేన్ మేలంటారు, ఇంకొకరు ద్రవ ఇంధనమే మేలంటారు. ఏది తీసుకోవాలి?

తాడిపత్రి:
5 కిలోల సిలిండర్. దాని మీద బర్నర్. అంతే.

కడప మెకానిక్:
తమ్ముడూ, ఎంతమంది పోతున్నారు, ఏం వండుతారు, స్టవ్వులో ఏం పోశావు? ఇవేవీ చెప్పకుండా ఏది మేలంటే ఎట్లా?

కెమిస్ట్రీ సార్:
ముందు ఒక మాట. మన దగ్గర ఇళ్లకు ప్రొపేన్ విడిగా అమ్మరు. సిలిండర్‌లో ఉండేది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాసు. క్యాంపింగ్ వాళ్లు వాడే చిన్న డబ్బాల్లో మనకు ఎక్కువగా దొరికేది బ్యూటేన్. బ్యూటేన్ మరిగేది సున్నాకు అర డిగ్రీ కింద, ప్రొపేన్ మరిగేది మైనస్ 42 దగ్గర. మంచులో బ్యూటేన్ ఆవిరి కాదు కాబట్టి ఆ దేశాల వాళ్లకు ప్రొపేన్ కావాలి. కడప జిల్లాలో డిసెంబర్ రాత్రయినా బ్యూటేన్ చక్కగా మండుతుంది. ఆ వీడియోల్లోని గొడవ మనది కాదు.

తాడిపత్రి:
గ్యాసు అంటే అందరికీ అర్థమవుతుంది సార్. పేరేదైతే ఏముంది?

కెమిస్ట్రీ సార్:
పేరు కోసం కాదండీ చెప్పేది. ఇంటి సిలిండర్ నుంచి ఆ డబ్బాల్లోకి గ్యాసు నింపుకునేవాళ్లు ఉన్నారు. 40 డిగ్రీల వేడిలో ప్రొపేన్ ఒత్తిడి బ్యూటేన్‌కు మూడు రెట్లు దాటుతుంది. బ్యూటేన్ కోసం చేసిన పల్చటి రేకు డబ్బా దాన్ని తట్టుకోవాలని లేదు. రెండూ గ్యాసే కదా అనుకుంటే చేతిలోనే పేలుతుంది.

గుంతకల్లు కుర్రోడు:
పది మందిమి. సంగటి, నాటుకోడి. చమురు బంకులోనే పోయించుకొచ్చాను.

కడప మెకానిక్:
బంకులో అంటే పెట్రోలా, డీజిలా? పెట్రోలైతే దాన్ని ఇంక ముట్టుకోవద్దు. కిరోసిన్ స్టవ్వులో పెట్రోల్ పోస్తే ఇల్లు కాలిపోతుంది. ముందు అది చెప్పు.

గుంతకల్లు కుర్రోడు:
డీజిలే అన్నా. రేషన్ షాపులో కిరోసిన్ ఇచ్చే రోజులు పోయాయి, ఎక్కడ తెచ్చేది?

కడప మెకానిక్:
డీజిల్ చిక్కన. మసి అందుకే. నిపిల్ (బర్నర్‌లో నూనె బయటికి చిమ్మే చిన్న మూతి) రంధ్రం కూడా పూడిపోయి ఉంటుంది. మొత్తం పారబోసి, పిన్నుతో పొడిచి, తెల్ల కిరోసిన్ పోయి. వెలిగించే ముందు బర్నర్ వేడి చేశావా?

గుంతకల్లు కుర్రోడు:
వేడి చేయడమేంటి? పంపు కొట్టి అగ్గిపుల్ల పెట్టాను.

కడప మెకానిక్:
అదీ సంగతి. బర్నర్ కింద చిన్న పళ్లెంలా ఉంటుంది చూడు, అందులో స్పిరిట్ పోసి వెలిగించాలి. ఆ వేడికి కిరోసిన్ గొట్టంలోనే ఆవిరై, నిపిల్‌లోంచి దూకి, గాలితో కలిసి మండుతుంది. అప్పుడే నీలం మంట. చల్లటి బర్నర్‌లోంచి నూనె నూనెలాగే వస్తుంది, పసుపుగా మండుతుంది. స్పిరిట్ ఆరిపోవస్తుండగా గాలి స్క్రూ (ట్యాంకులోంచి గాలి వదిలేది) బిగించి పంపు కొట్టు. పంపు బిగువు లేకుండా తేలిగ్గా దిగిపోతుంటే లోపలి తోలు వాషర్ ఎండిపోయినట్టు. బయటికి తీసి రెండు చుక్కలు కొబ్బరినూనె పట్టించి, అంచులు విచ్చుకునేలా వేలితో ఒత్తు.

ఆదోని అక్క:
పది మందికి సంగటి అంటే గిన్నె పెద్దది. తెడ్డుతో గట్టిగా కెలికేటప్పుడు ఆ చిన్న డబ్బా స్టవ్వులు నిలబడవు, మూడు కాళ్లూ జారిపోతాయి. మా వాళ్లు కెలుకుతుంటే గిన్నె సగం ఒరిగింది, ఇద్దరు పట్టుకుంటే నిలిచింది. డబ్బా స్టవ్వు టీకి, ఆమ్లెట్‌కు బాగుంటుంది. సంగటికైతే నేల మీద కూర్చునే వెడల్పు పొయ్యే కావాలి.

జమ్మలమడుగు:
స్టవ్వు ఏదైనా కోట గోడల పక్కన మాత్రం పెట్టొద్దు. మసీదు దగ్గరా, ధాన్యాగారం దగ్గరా రాళ్ల సందుల్లో పొయ్యిలు పెట్టి మసి చేసి పోతున్నారు. వందల ఏళ్ల రాయి అది, కడిగితే పోయే మరక కాదు. మాకు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోట, ఎప్పుడు పోయినా కొత్త మసి కనిపిస్తుంది. కడుపు మండుతుంది. చెత్త కూడా వెనక్కి తెచ్చుకోండి.

తాడిపత్రి:
ప్రశ్న స్టవ్వు గురించి అన్నా.

జమ్మలమడుగు:
స్టవ్వు పెట్టే చోటు గురించే నేనూ చెప్తున్నా. పెన్నా లోయ అంచున రాత్రి గాలి ఎట్లుంటుందో మీకు తెలుసా?

కెమిస్ట్రీ సార్:
గాలికి అడ్డం పెట్టండి, చుట్టూ మాత్రం మూసేయకండి. మంట వేడి తిరిగి డబ్బాకు తగులుతుంది. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఎండలో కారులో వదిలేయడమూ తప్పే. టెంటు లోపల ఏ స్టవ్వూ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆదోని అక్క:
ఇంతకీ దేంట్లో పోతున్నారు?

గుంతకల్లు కుర్రోడు:
ముద్దనూరు దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో.

కెమిస్ట్రీ సార్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. రైల్లో సిలిండర్ గానీ, కిరోసిన్ గానీ, గ్యాసు డబ్బా గానీ తీసుకెళ్లకూడదు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష సంగతి పక్కన పెట్టినా, నిండా జనం ఉన్న బోగీ అది.

తాడిపత్రి:
కారు మాట్లాడుకోండి. సిలిండర్ నిలబెట్టి కట్టండి, పడుకోబెట్టొద్దు. బంకుల్లో ఐడీ చూపిస్తే 5 కిలోలది ఇస్తారు.

కడప మెకానిక్:
నా మాట విను, ఆ ఇత్తడి స్టవ్వు బాగవుతుంది. తోలు వాషర్ పాత సామాన్ల అంగట్లో ఇప్పటికీ దొరుకుతుంది. నిపిల్ పొడిచావా?

గుంతకల్లు కుర్రోడు:
మామ కారు ఇస్తానన్నాడు. సిలిండర్ తీసుకున్నాం. అందరికీ థ్యాంక్స్.

కడప మెకానిక్:
సరే. ఆ ఇత్తడి స్టవ్వులో మిగిలిన డీజిల్ మాత్రం కాలువలో పారబోయొద్దు. నిపిల్ సంగతి చెప్పు తమ్ముడూ.